నీలం బుట్ట గారికి

నీలం బుట్ట గారికి నమస్కారాలు.

బెంగళూరులో మా విశ్వవిద్యాలయ క్యాంటీన్ ముందు, ఆకుపచ్చ బుట్టకూ ఎర్ర బుట్టకూ నడుమ తోడిపెళ్లికొడుకులా నిలబడే మీకు ఈ లేఖ. రెండేళ్లుగా రోజూ మీకు ఏదో ఒకటి సమర్పించుకుంటున్నాను గానీ, లోపలికి తొంగిచూసింది మాత్రం మొన్ననే. టిఫిన్ పార్శిల్‌తో పాటు నా గుర్తింపు కార్డు కూడా మీ కడుపులోకి వెళ్లిపోయింది మరి.

మీరు పొడి చెత్తకు అధిపతి అని మీ నుదుటనే కన్నడంలో రాసి ఉంది, ‘ఒణ కస’ అని. కూడబలుక్కుంటే మనకూ చదవడం వచ్చే లిపే. ‘కస’ అంటే మా అమ్మమ్మ ఊడ్చే కసవే. అయినా ‘కన్నడం రాదు’ అన్న సాకు మా తెలుగు కుర్రాళ్లకు ఎంత కలిసివచ్చిందో!

మోచేతి దాకా చెయ్యి పెట్టాను. అరటి తొక్క తగిలింది. తర్వాత సగం కొరికిన ఇడ్లీ, ముడి విప్పని కవరులో సాంబారు, దాని కింద తడిసి ముద్దయిన ఎవరివో నోట్సు. ఇక కాఫీ కప్పులకు లెక్కే లేదు. అవి కాగితమేనని నమ్మి మీకు వేస్తాం. లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుందనీ, దాన్ని విడదీయడం మామూలు కాగితం మిల్లుకు కష్టమనీ ఒక్కసారైనా చెప్పారా? సాంబారు తగిలిన కాగితాన్ని పాత పేపర్లవాడు కూడా ముట్టడనైనా చెప్పారా? నోరెప్పుడూ తెరిచే ఉంటుంది, మాట మాత్రం రాదు.

మీ వంశచరిత్రకేం, గొప్పదే. బెంగళూరు తన చెత్తంతా పోసిన పక్క ఊళ్లలో, మావళ్లిపుర చెత్తగుట్ట 2012లో మూతపడింది, మండూరుది 2014లో. ఆ ఊళ్లవాళ్లు ఎదురుతిరిగితే గానీ, తన చెత్త తనదేనని నగరానికి తట్టలేదు. 2015 డిసెంబరులో హైకోర్టు ఇళ్లకు ‘రెండు బుట్టలు, ఒక సంచి’ అంది. తడికి ఆకుపచ్చ, శానిటరీ చెత్తకు ఎరుపు, పొడికి సంచి. మావాళ్లు సంచి స్థానంలో మిమ్మల్ని నియమించి, రిబ్బను కత్తిరించి, సమోసాలు పంచారు. ఆ ప్లేట్లు ఎక్కడ పడ్డాయో మీకే తెలియాలి. పర్యావరణం పేపరులో మాత్రం మా అందరికీ మంచి మార్కులే.

వెతుకుతుండగా ఊడ్చే అక్క వచ్చింది. “ఏం పోయింది బాబూ?” అని తెలుగులోనే అడిగింది. ఈ ఊరి చెత్త ఎత్తేవాళ్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. మిమ్మల్ని నేల మీద బోర్లించి, కుడిచేతికి మాత్రమే ఉన్న తొడుగుతో చకచకా మూడు కుప్పలు చేసింది. రోజూ చేసే పనే అట. “తడి, పొడి తెలుగు మాటలే కదా బాబూ” అంది, తల ఎత్తకుండానే.

కార్డు ఆ సాంబారు కవరుకే అతుక్కుని దొరికింది. మూడుసార్లు సబ్బుతో కడిగినా, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఫోటో చూసేలోపే ముక్కు ఎగబీలుస్తున్నాడు.

ఇట్లు,
ముడి వేసినవాడు