పబ్లిక్ హిస్టరీ పీజీ గురించి తిరుగుతున్న ఆ మెసేజీ సంగతి

మా చెన్నై పెరంబూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నెల్రోజులుగా ఒక మెసేజీ చక్కర్లు కొడుతోంది. దాని సారం ఇది: పబ్లిక్ హిస్టరీ అంటే అసలు చరిత్రలో సీటు రానివాళ్లు చేరే కొత్త ఫ్యాషన్ కోర్సు; చేస్తే అమెరికాలో మంచి ర్యాంకున్న యూనివర్సిటీలోనే చెయ్యాలి; పార్ట్‌టైం పనితో ఫీజు వెళ్లిపోతుంది, తర్వాత అక్కడి మ్యూజియంలోనో పార్కులోనో ఉద్యోగం ఖాయం; ఇంగ్లీషు బాగుంటే చాలు. మా అక్క కూతురు దాన్ని నాకు పంపి, "నిజమేనా పిన్నీ?" అంది. పరిశోధకులకు పాత తెలుగు దస్త్రాలు చదివిపెట్టడం నా పని. కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

కొత్త ఫ్యాషన్ అన్నది తప్పు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరాలో రాబర్ట్ కెల్లీ ఈ పేరుతో పీజీ చదువు మొదలుపెట్టింది 1976లో. చరిత్రలో డాక్టరేట్లు చేసినవాళ్లకి కాలేజీ ఉద్యోగాలు దొరకని రోజులవి. ఉద్యోగాల కరువులో పుట్టిన చదువే, ఆ మాట దాచను. సీటు రానివాళ్ల కోసం మాత్రం కాదు. మ్యూజియం, ఆర్కైవ్స్, పాత కట్టడాల సంరక్షణ, మౌఖిక చరిత్ర, ఇవన్నీ తరగతి గది బయట చరిత్రకారుడు చేసే పనులు; వాటిని నేర్పేదే పబ్లిక్ హిస్టరీ.

ర్యాంకు సంగతి. అమెరికాలో చరిత్రకి ఇచ్చే పేరున్న ర్యాంకులు డాక్టరేట్ ప్రోగ్రాములవి, సాటి ప్రొఫెసర్ల అభిప్రాయం అడిగి వేసినవి. రెండేళ్ల పబ్లిక్ హిస్టరీ ఎంఏలో ఇంటర్న్‌షిప్ ఎక్కడ ఇప్పిస్తారో, చివర్లో థీసిస్సా ఎగ్జిబిషనా అన్నది వాటిలో కనిపించదు. పెళ్లికొడుకు జీతం వాళ్ల తాతగారి పొలం చూసి అంచనా కట్టినట్టుంటుంది.

డబ్బు దగ్గర ఆ మెసేజీ ప్రమాదకరం. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యకూడదు. దాంతో ఖర్చులు గడిస్తే గొప్ప, ఫీజు మాట దేవుడెరుగు. ఫీజు మాఫీ చేసి, డిపార్ట్‌మెంటులోనే జీతానికి పని ఇచ్చే అసిస్టెంట్‌షిప్ ఉన్న డిపార్ట్‌మెంటు అయితే వేరే లెక్క. చదువయ్యాక కంప్యూటర్ వాళ్లకి పని అనుభవం కింద మొత్తం 36 నెలలు దొరికితే, చరిత్ర వాళ్లకి 12 నెలలే. నేషనల్ పార్క్ సర్వీస్ లాంటి కేంద్ర ప్రభుత్వ కొలువులకి దాదాపు అన్నిటికీ అమెరికా పౌరసత్వం కావాలి. పైగా 2025 ఏప్రిల్‌లో చరిత్ర, సాహిత్యం లాంటి వాటికి డబ్బిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ తన గ్రాంట్లని కుప్పలుగా రద్దు చేసింది. మ్యూజియాల్లో కొన్ని ప్రాజెక్టులు నడిచేది అలాంటి డబ్బు మీదే. ఇల్లు తాకట్టు పెట్టేముందు ఇవి తెలియాలి.

ఇక ఇంగ్లీషు చాలన్న మాట. దీనికే నాకు ఒళ్లు మండింది.

ఎగ్మూరు స్టేషన్ ఎదురుగా ఎర్ర భవనంలో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది. 1953లో ఆంధ్ర విడిపోయేదాకా నెల్లూరు, గుంటూరు, చిత్తూరు అన్నీ మద్రాసు రాష్ట్రంలోవే కదా, వాటి పాత కాగితాలూ ఇక్కడున్నాయి. ఒకసారి రైతుల అర్జీ ఒకటి నా ముందుకొచ్చింది. పక్కనే ఇంగ్లీషు తర్జుమా: శిస్తు మాఫీ అడుగుతున్నారని ఒకే ఒక్క వాక్యం. తెలుగులో రెండు పేజీలు. ఏ చెరువు తూము తెగింది, ఎవరి మడి ముందు మునిగింది, శిరస్తాదారు (కచేరీ పెద్ద గుమాస్తా) వచ్చి చూడకుండానే ఏం రాసుకుపోయాడు, అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాడికి ఆ ఊరు ఒక వాక్యం.

అయితే తెలుగు వచ్చినా సరిపోదు. అది గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరాన్ని ముడేసుకుంటూ పోతారు కరణాలు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్ర రాసిన కాగితాలు, సేకరించిన కావలి సోదరులు ఏలూరు వాళ్లు. అలాంటి కాగితాల్ని ఇవాళ గడగడా చదవగలిగేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. మన పిల్లలకి తప్ప ఇంకెవరికీ సులువుగా రాని అర్హత ఇదైతే, దాన్ని వదిలేసి ఇంగ్లీషు చాలంటారా?

ఇక్కడ పని లేదా అంటే, అమెరికాలో ఉన్నంత లేదు. జీతాలూ తక్కువే. కానీ 2019లో బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో సైన్స్ చరిత్రకి ఆర్కైవ్స్ తెరిచారు; ఇటు చెన్నైలో రోజా ముత్తయ్య లైబ్రరీ, ఊరి బయట దక్షిణచిత్ర మ్యూజియం ఉండనే ఉన్నాయి.

మా పిల్ల రెండు డిపార్ట్‌మెంట్లకి ఒకే ఉత్తరం రాసింది: పోయిన మూడేళ్లలో చదివి వెళ్లినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు, ఇంటర్న్‌షిప్‌కి జీతం ఉందా, ఇంగ్లీషు కాని దస్త్రాల మీద ప్రాజెక్టు ఒప్పుకుంటారా అని. ఒకరు ఒక్కో ప్రశ్నకీ విడిగా జవాబిచ్చారు. రెండోవాళ్లు రంగుల బ్రోషర్ పంపారు. ర్యాంకు ఉన్నది రెండోవాళ్లకే. పిల్ల ఇంకా తేల్చుకోలేదు. ఆదివారాలు మాత్రం మా ఇంటికొచ్చి గొలుసుకట్టుతో కుస్తీ పడుతోంది. మొన్న ఇరవై నిమిషాలు కూర్చుని "తూము" అని చదివింది.