గని పక్కన ఊరి నీటికి పూచీ ఎవరిది?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో వర్ధా నది వెంట బొగ్గు తవ్వకం నిన్నమొన్న మొదలైనది కాదు. ఆదిలాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చి బల్లార్‌పూర్, రాజురా, ఘుగ్గుస్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎన్నింటికో ఈ గనులే అన్నం పెట్టాయి. ఒకప్పుడు హైదరాబాద్ రాజ్యంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, 1959లో చాందా (నేటి చంద్రపూర్) జిల్లాలో కలిసిన రాజురా తాలూకాలోనైతే తెలుగు మాట గనులకన్నా పాతది. బొగ్గు మీద బతుకుతున్న ఊళ్లకు గనులు వద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. బొగ్గు తీసే సంస్థ ఆ ఊళ్ల తాగునీటికి, సాగునీటికి ఎంతవరకు పూచీ పడుతున్నదన్నదే మా ప్రశ్న.

ఈ లోయలో బొగ్గు ఉన్న పొరల మీద కాంఠీ ఇసుకరాయి పరుచుకొని ఉంది. ఊళ్ల బావులకు, బోర్లకు ఊట అందించే రాయి అదే. ఓపెన్‌కాస్ట్ గని, అంటే పైనుంచి గోతిలా తెరిచే గని, తవ్వాలంటే ముందు ఆ రాయిని కోయాలి. కోసిన చోట ఊరే నీటిని రాత్రింబవళ్లు మోటార్లతో తోడి బయటికి పంపాలి. అలా తోడుతున్నంత కాలం చుట్టుపక్కల భూగర్భజలం గని గోతివైపే దిగుతుంది. ముందు దగ్గరలోని బావులు అడుగంటుతాయి, తరువాత చేతిపంపులు, ఆ తరువాత బోర్లు. బావిని మరో రెండు గజాలు లోతు చేయించే ఖర్చు, అదీ చాలకపోతే బోరు వేయించే ఖర్చు రైతు నెత్తినే పడుతుంది. జిల్లాలో అనేక చోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ సహజంగానే ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే ఆధారమే లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. పై ఊటలు పోయి లోతు బోర్ల మీదికి నెట్టబడిన ఊరికి కొత్త నీరు దొరికినంత మాత్రాన మంచినీరు దొరికినట్టు కాదు.

తోడిన నీరు ఎటు పోతుందన్నది రెండో సంగతి. బొగ్గు పొడి, రాతిలోని గంధక ఖనిజాలు గాలి తగిలి కరగడంతో చేరే సల్ఫేట్లు, పేలుడు మందులోని అమ్మోనియం నైట్రేట్ మిగిల్చే నైట్రేట్లు ఈ నీటిలో కలిసే వీలుంది. తేర్చే చెరువుల్లో తగినంతసేపు నిలబెట్టి, పరీక్షించి వదిలితే ఇదే నీరు పొలానికి పనికివస్తుంది. అలా కాకుండా వాగులో కలిపితే దిగువ ఊరి పశువులు తాగడానికి జంకుతాయి. ఇక గని నుంచి ఎత్తి పోసిన మట్టి దిబ్బల సంగతి వానాకాలంలో తెలుస్తుంది. గట్టు లేని దిబ్బ మీది మట్టి వాగులో మేటవేస్తే వాగు గర్భం పైకి లేస్తుంది, కొద్దిపాటి వానకే నీరు చేలలోకి ఎక్కుతుంది. ఎండాకాలం కరవు, వానాకాలం ముంపు ఒకే ఊరికి రావడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

చట్టం ఈ రైతుకు ఎంత దూరం తోడు వస్తుంది? 1957 నాటి బొగ్గు భూముల సేకరణ చట్టం తీసుకున్న భూమికి, ఆ భూమి మీది హక్కులకు పరిహారం చెబుతుంది. గని సరిహద్దుకు అవతల భూమి పోని, నీరు మాత్రమే పోయిన రైతు ఆ లెక్కలోకే రాడు. భూమి ఎవరిదైతే దాని కింది నీటిని తోడుకొనే హక్కు వారిదేనన్న పాత భావన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి వస్తున్నది. అయితే కలుషితం కాని నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. గనులు నీరు తోడడానికి అనుమతి తీసుకోవాలనీ, నీటిమట్టం కొలిచే పీజోమీటర్లు ఏర్పాటు చేయాలనీ కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. ఇన్ని ఉన్నా తన బావి గని వల్లనే ఎండిందని నిరూపించవలసిన భారం రైతు మీదే ఉన్నది. కొలతలన్నీ సంస్థ దగ్గర ఉంటే, గని రాకముందు తన బావిలో నీరెంత ఉండేదో చెప్పే కాగితం లేని రైతు ఏమని నిరూపిస్తాడు?

అందుకే లెక్క ఊరి చేతిలో ఉండాలని మేము కోరుతున్నాము. గని తవ్వకానికి, విస్తరణకు అనుమతి ఇచ్చే ముందే ప్రభావిత ఊళ్లలోని ప్రతి బావి, చేతిపంపు, బోరు లోతును, నీటిమట్టాన్ని, నీటి గుణాన్ని వేసవిలోనూ వానలు తగ్గాకా కొలిచి, ఆ పట్టిక ప్రతిని గ్రామ పంచాయతీకి ఇవ్వాలి. పరిశీలన బావులను ఏటా పలుమార్లు కొలిచే అలవాటు రాష్ట్ర భూగర్భజల సర్వేక్షణ సంస్థకు ఎలాగూ ఉంది. తరువాత ఆ పరిధిలో బావి ఎండితే అది గని వల్లనే ఎండినట్టు భావించి సంస్థ నీరు సమకూర్చాలి; కాదని రుజువు చేసే భారం సంస్థది కావాలి. పర్యావరణ అనుమతి షరతులు ఎంతవరకు అమలయ్యాయో ఏటా జూన్ 1, డిసెంబర్ 1 నాటికి సంస్థలు నివేదిక ఇవ్వవలసి ఉంది. ఆ నివేదికలో నీటికి సంబంధించిన పుటలను గ్రామసభలో చదివి వినిపించాలి. మరాఠీతో పాటు తెలుగు, గోండీ, కోలామీ మాట్లాడే ఊళ్లలో ఆయా భాషల్లో చెప్పకుండా ప్రజాభిప్రాయ సేకరణ జరిగిందనడాన్ని మేము అంగీకరించలేము.

డబ్బు విషయంలో ఒక పొరపాటు పద్ధతి స్థిరపడకుండా చూడాలి. 2015 తరువాత ఏర్పడిన జిల్లా ఖనిజ నిధిలో తాగునీటికి పెద్దపీట వేశారు, అది మంచిదే. కానీ ఆ నిధి గనుల వల్ల నష్టపోయిన ప్రజలందరిది. ఒక గని ఎండగొట్టిన ఊళ్లకు పైపులు వేయడానికి ఆ నిధినే వాడితే, నష్టపోయినవారి సొమ్ముతోనే వారికి పరిహారం చెల్లించినట్టవుతుంది. నీటి నష్టాన్ని సంస్థ తన ఖాతా నుంచే భరించాలి. ట్యాంకరు వేసవిలో కొన్ని వారాల ఉపశమనం మాత్రమే, పశువులకు, పొలానికి అది ఎన్నడూ చాలదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో చేసిన మదింపులోనే చంద్రపూర్ తీవ్ర కాలుష్య ప్రాంతంగా తేలింది. ఇక్కడి వర్ధా నీరు వైన్‌గంగతో కలిసి ప్రాణహితగా మారి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది గనుక ఇది ఒక్క మహారాష్ట్ర వ్యవహారం కాదు. సరిహద్దుకు రెండు వైపులా ఉన్న కాలుష్య నియంత్రణ మండళ్లు ఒకే రోజున నమూనాలు తీసి ఫలితాలను కలిపి ప్రకటించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఒక సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి. గని మూసివేత ఖర్చును ముందుగానే ప్రత్యేక ఖాతాలో జమచేయాలని బొగ్గు మంత్రిత్వ శాఖ 2009 నుంచి చెబుతున్నది. తోడడం ఆపిన తరువాత గోతిలో నీరు మళ్లీ నిండుతుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ నీటిని ఎవరు పరీక్షిస్తారో, పరిశ్రమకన్నా ముందు ఏ ఊరి తాగునీటికి, ఏ ఊరి పొలాలకు అది చేరుతుందో మూసివేత ప్రణాళికలోనే రాయించాలి. ఆ ప్రణాళికకు గ్రామసభ సంతకం లేకుండా విస్తరణకు అనుమతి ఇవ్వవద్దని రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలను కోరుతున్నాము.