వాపును బలుపనుకుంటే

మోకాళ్లు పట్టేస్తే పల్లెల్లో మొదట గుర్తొచ్చేది పెద్దాసుపత్రి కాదు, సందు చివర ఉండే ఆర్‌ఎంపీ. ఆయన పొడిచిన సూదికి సాయంత్రానికే నొప్పి తగ్గుతుంది. ఆపైన రెండు పెద్ద గోళీలు, ఒక చిన్న బిళ్ల కాగితంలో చుట్టి ఇస్తాడు. వాటికి పేరుండదు, చీటీ ఉండదు. హస్తవాసి మంచిదని ఊరంతా చెప్పుకుంటారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ మనిషి ముఖం గుండ్రంగా నిండుతుంది, పొట్ట ముందుకొస్తుంది, మెడ వెనక కొవ్వు మూపురంలా లేస్తుంది. ‘కాస్త ఒళ్లు చేసింది, ఇప్పుడు బాగుంది’ అని చుట్టాలు మెచ్చుకుంటారు కూడా. వాపును చూసి బలుపనుకోవడం అంటే అక్షరాలా ఇదే.

ఆ చిన్న బిళ్ల తరచూ డెక్సామెథసోనో, ప్రెడ్నిసొలోనో, అంటే స్టెరాయిడ్ అయి ఉంటుంది. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి అమ్మే పేరులేని పొడుల్లో, నాటు మందుల్లో కూడా స్టెరాయిడ్లు కలిపి పట్టుబడిన సందర్భాలున్నాయి. స్టెరాయిడ్ చెడ్డ మందేం కాదు. ఆస్తమా ముదిరినప్పుడు, శరీర రక్షణ వ్యవస్థ తన మీదే తిరగబడే లూపస్ జబ్బులో, పిల్లలకొచ్చే కొన్ని కిడ్నీ జబ్బుల్లో ప్రాణం నిలబెట్టేది అదే. కాకపోతే దానికో లెక్క ఉండాలి. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎలా తగ్గించుకుంటూ రావాలి అన్నది డాక్టరు చెప్పాలి. ఆ లెక్క లేకుండా నెలల తరబడి మింగితే ఆకలి పెరుగుతుంది. కొవ్వు చేతులూ కాళ్లూ వదిలేసి పొట్టకీ ముఖానికీ చేరుతుంది. తొడల్లో కండ కరిగి, కింద కూర్చున్న మనిషి పట్టు లేకుండా లేవలేడు. పొట్ట మీద ఊదారంగు చారలు, గుల్లబారే ఎముకలు, షుగరు, బీపీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. శరీరం తనంతట తాను కార్టిసాల్ అనే సహజ స్టెరాయిడ్ హార్మోన్‌ను ఎక్కువగా తయారు చేసుకున్నా ఇవే లక్షణాలు కనబడతాయి. అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ 1932లోనే వీటిని వర్ణించారు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల వచ్చే కుషింగ్ జబ్బు చాలా అరుదు. ఎక్కువగా కనబడేది చేజేతులా మింగిన మందుల వల్ల వచ్చేదే.

మోకాళ్ల నొప్పికని మొదలుపెట్టిన బిళ్ల బరువు పెంచి, ఆ బరువంతా మళ్లీ అవే మోకాళ్ల మీద మోపుతుంది. చివరికి ఆ రోగి పట్నం చేరి డాక్టరు ముందు కూర్చుంటే వినబడే మాట ఒకటే: అన్నం తగ్గించండి, నడవండి. ఇన్నాళ్లూ ఏం మందులు వాడారో అడిగే తీరిక ఓపీలో ఎవరికుంది?

ఊబకాయం మీద దేశంలో చర్చ లేకపోలేదు. 2025 ఫిబ్రవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో వంటనూనె 10 శాతం తగ్గించమని కోరారు. మంచి సలహానే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 24 శాతం మంది అధిక బరువుతో ఉంటే, తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం మంది ఉన్నారు. ఇందులో ఎక్కువ భాగం తిండీ, కదలని బతుకూ తెచ్చిందే. అందుకే మందుల వల్లో, జబ్బు వల్లో ఒళ్లొచ్చిన మిగతావారి గోడు ఎవరికీ వినబడదు. వాళ్ల మూకుడులో నూనె ఎంత తగ్గినా తూకం ముల్లు కదలదు, పైగా నోరు కట్టుకోలేదన్న నింద ఒకటి.

థైరాయిడ్ సంగతి అందరికీ తెలుసు, కొంచెం ఎక్కువే తెలుసు. హైదరాబాద్ సహా 8 నగరాల్లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో పెద్దల్లో సుమారు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం కనబడింది. కానీ దానివల్ల పెరిగే బరువు మామూలుగా రెండు మూడు కిలోలు, మహా అయితే నాలుగైదు. అందులోనూ చాలావరకు ఉప్పూ నీరే. ఇరవై కిలోలనూ దాని ఖాతాలో వేయడం కుదరదు. లోపం లేనివారు సన్నబడతామని ఆ మాత్రలు మింగితే గుండె దడ మిగులుతుంది.

ఆడవాళ్లలో హార్మోన్ల తేడాతో వచ్చే పీసీఓఎస్ కథ వేరు. నెలసరి తప్పుతుంది, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి, ఇన్సులిన్ సరిగా పనిచేయక నడుము చుట్టూ కొవ్వు పేరుకుంటుంది. ప్రపంచవ్యాప్తంగా ఇది ఉన్నవారిలో 70 శాతం దాకా తమకు ఉన్నట్టే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ఇళ్లలో దీనికి దొరికే వైద్యం ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అన్న మాట. ఆలోగా పెళ్లిచూపుల్లో లావుగా ఉందని రెండు సంబంధాలు తప్పిపోతాయి.

మానసిక వైద్యం మందుల గురించి అసలు మాట్లాడుకోము. ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటివి ఆకలినీ బరువునీ గట్టిగా పెంచుతాయి. తిని పడుకోవడమే పనా అని ఇంట్లోవాళ్లు దెప్పుతుంటే రోగి గుట్టుగా మాత్రలు మానేస్తాడు, జబ్బు తిరగబెడుతుంది. బరువు సంగతి డాక్టరే ముందుగా చెప్పి, మందు మార్చడమో మరో మందు జోడించడమో చేస్తే ఆ తిప్పలు చాలావరకు తప్పుతాయి. గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, కొన్ని రకాల షుగరు మందులు, ఇన్సులిన్ కూడా ఈ జాబితాలోవే. మరొకటి మాత్రం ఆగి చెప్పాలి: రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగి, పాదం మీద వేలితో నొక్కితే గుంట పడుతుంటే అది కొవ్వు కాదు, నీరు. గుండెనో, కిడ్నీనో, లివర్‌నో వెంటనే చూపించుకోవాలి.

స్టెరాయిడ్ మాత్రలు షెడ్యూల్ హెచ్ మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మడం నేరం. ఆ సంగతి అమ్మేవాడికీ తెలుసు, తనిఖీకి వెళ్లేవాడికీ తెలుసు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నడుము కొలత రాసుకుంటున్నారు. అదే కాగితంలో ఇంకో వరుస చేర్చాలని మేం కోరుతున్నాం: ఇంట్లో వాడుతున్న బిళ్లలన్నీ ముందుపెట్టించి, ఏది ఎన్నాళ్లుగా వాడుతున్నారో రాయించాలి. పేరులేని బిళ్ల కనబడితే పీహెచ్‌సీకి పంపాలి.

అయితే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ రేపే దాడులు మొదలుపెట్టి దుకాణాలు మూయిస్తామంటే మేం తొందరపడి చప్పట్లు కొట్టబోం. నెలల తరబడి బయటి స్టెరాయిడ్‌కు అలవాటు పడిన శరీరంలో కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానేసి ఉంటాయి. ఒక్కసారిగా మందు ఆగిపోతే బీపీ పడిపోయి, వాంతులతో మనిషి కుప్పకూలవచ్చు, ప్రాణమే పోవచ్చు. కాబట్టి ముందు పీహెచ్‌సీ డాక్టరుకు ఆ మోతాదు మెల్లగా దించడంలో శిక్షణ ఇవ్వాలి, మందు ఆసుపత్రిలోనే ఉచితంగా దొరకాలి. దుకాణం మీద దాడి ఆ తర్వాత.