వేషం కడిగేసుకునే రోజు

మా తిరపతిలో గంగజాతరప్పుడు తిట్టు తినకుండా వీధి దాటడం కష్టం. దాక్కున్న దుర్మార్గుడైన పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ తల్లే వేషాలు వేసిందంటారు కాబట్టి జనమూ వేస్తారు. బైరాగి వేషానికి ఒంటినిండా నామం కొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. వేషం కట్టినోడు ఎదురొచ్చినోణ్ణి ఎంత మాటైనా అనొచ్చు. నా ఏడో తరగతి సెలవుల్లో, తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర మా లెక్కల అయ్యవారిని మా క్లాసు పిల్లోడే, ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, ఇక్కడ అచ్చు వేయలేని మాటలన్నాడు. అయ్యవారు చొక్కాకంటిన మరకను రుమాలుతో తుడుచుకుంటూ, "ఎక్కాలు కూడా ఇంత గట్టిగా చెప్పరా" అని నవ్వి వెళ్ళిపోయినారు. చివర్లో మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపానికి చెంప తీసి, ఆ మట్టి జనం ఇళ్ళకు పట్టుకుపోయాక మాత్రం తిట్టు చెల్లదు. మర్నాడు తిడితే అది వట్టి తిట్టే.

మా కథల వాట్సాప్ గ్రూపుకు లేనిది ఆ చివరి రోజే.

14 మందిమి. కొందరు తిరుపతి, చిత్తూరు. మిగతావాళ్ళం డల్లాస్, న్యూజెర్సీ. మొన్నామధ్య చిత్తూరు అక్క ఒకామె కథ మొదటి భాగం పెట్టింది. అందులో ముసలమ్మ చెనిక్కాయలు వొలుస్తా కూర్చుని ఉంటుంది. "వేరుశనగకాయలు అని మారిస్తే అందరికీ అర్థమవుతుంది కదండీ" అన్నారు ఇక్కడి మిత్రుడొకాయన. ఉద్దేశం మంచిదే. "మా అవ్వ మాటకు మీ దిద్దుబాటు ఎందుకు సామీ" అంది ఆమె. అక్కణ్ణుంచి గొడవ యాస మీదికి, యాస మీంచి జిల్లాల మీదికి, చివరికి డాలర్ల దాకా పోయింది.

ఇందులో గడియారం పాపమూ ఉంది. డల్లాస్‌లో వేసవి రాత్రి 9 గంటలంటే తిరుపతిలో మర్నాడు పొద్దున 7.30. రచ్చబండ దగ్గర కొట్లాడుకున్నోళ్ళు ఆకలేస్తే ఇంటికి పోతారు. మా తగవుకు నిద్రే లేదు. ఇక్కడివాడు కోపంగా ఒకటి రాసి పడుకుంటే, అక్కడివాళ్ళు దాన్ని కాఫీతోపాటు మింగి, పగలంతా జవాబులు పేర్చిపెడతారు. ఇతను లేచి పళ్ళు తోముకోకముందే 40 మెసేజీలు. అయ్యవారి నవ్వులాంటిది పంపుదామంటే ఉన్నవి పసుపు బొమ్మలే, అవేమో ఎగతాళిలా కనబడతాయి.

అడ్మిన్‌ని నేనే. ఆ రాత్రి ఏ మెసేజీకో సరిగా చూడకుండా పైకెత్తిన బొటనవేలు బొమ్మ పెట్టి పడుకున్నాను. అది చెనిక్కాయల్ని దిద్దబోయిన మిత్రుడి మెసేజీ. అక్కకది తీర్పులా తోచింది. తెల్లారి బెదిరిపోయి ఘాటైనవన్నీ డిలీట్ చేశాను. అడ్మిన్ తీసేశాడని నా పేరుతో సహా గుర్తులు మిగిలాయి. వాటి కింద ఏముండేదో చదవనివాళ్ళు ఊహించుకున్నారు. అసలు మాటకంటే ఆ ఊహే ఘోరం.

"వివాదాలు నిషిద్ధం" అని రాసిపెట్టుకునే గ్రూపులు మనకు కొత్తకాదు (ఇక్కడి మన తెలుగు సంఘానివీ ఉన్నాయి, పత్రిక ఎడిటరు గారు ఈ ముక్క కత్తిరించరనుకుంటా). అక్కడ మిగిలేవి గుడ్ మార్నింగ్ గులాబీలు. కథ మీద గొడవపడని కథల గ్రూపు నాకొద్దు. పెద్ద గుంపులో ఇద్దరు పోయినా తెలీదు. 14 మందిలో నాతో కొట్లాడినాయనే నా తర్వాతి కథ చదవాల్సినాయన.

అందుకని ఇప్పుడు శనివారం పొద్దున కథ వస్తుంది. ఆదివారం రాత్రి, తిరుపతి గడియారం ప్రకారం 9 గంటలకు, అడ్మిన్ తప్ప ఎవరూ రాయకుండా బుధవారం దాకా గ్రూపు మూసేస్తాను. ఆలోగా ఎంత గట్టిగానైనా అనొచ్చు, కాకపోతే కథలోని వాక్యం చూపించి అనాలి. ఆఖరి మాట ఆ కథ రాసినవాళ్ళది. ఎవరైనా మాట మీరితే గ్రూపులో ఏమీ అనను, ఫోన్ చేస్తాను. "ఏంనా, బాగుండావా" అన్న గొంతు విన్నాక కోపం నిలబెట్టుకోవడం మా సీమవాళ్ళకు కూడా కష్టమే. "బడి పిల్లలమా, గంట కొట్టడానికి?" అని ఇద్దరు ముగ్గురు సణుగుతూనే ఉన్నారు. సణగనీ.

ఈ పద్ధతి రాకముందే ఆ అక్క గ్రూపు వదిలిపోయింది. మిత్రుడు ఫోన్ చేసి తప్పయిపోయిందన్నారట. నేను చేసినా బాగానే మాట్లాడుతుంది, పిల్లల్ని అడుగుతుంది. కథ ఊసెత్తితే "చూద్దాంలే నాయనా" అంటుంది. మొదటి భాగం చివర్లో, ముసలమ్మ చెనిక్కాయలు వొలుస్తా ఉండగానే, వాకిట్లో ఎవరో వచ్చి నిలబడతారు. ఎవరొచ్చారో మాకింకా తెలీదు.