హిరోషిమా నిలబెట్టుకున్న జట్టు

జపాన్ బేస్‌బాల్‌లో హిరోషిమా కార్ప్ జట్టు పాతికేళ్ల తరువాత సెంట్రల్ లీగ్ (అక్కడి రెండు లీగ్‌లలో ఒకటి) విజేతగా నిలిచింది. 2016 సెప్టెంబరు 10, శనివారం రాత్రి టోక్యో డోమ్‌లో యోమియురి జెయింట్స్‌ను వారి సొంత మైదానంలోనే 6-4తో ఓడించి, ఇంకా కొన్ని మ్యాచులు మిగిలి ఉండగానే టైటిల్ ఖాయం చేసుకుంది. ఆట ముగియగానే 41 ఏళ్ల పిచర్ (బంతి విసిరే ఆటగాడు) హిరోకి కురోదా, 39 ఏళ్ల తకహిరో అరాయ్ ఒకరినొకరు హత్తుకుని చిన్నపిల్లల్లా ఏడ్చేశారు. అక్కడికి సుమారు 800 కిలోమీటర్ల దూరంలో, హిరోషిమాలోని హోందోరి బజారు ఎరుపు చొక్కాలతో నిండిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఎదురుపడితే చేతులు చరుచుకున్నారు. ఆ ప్రాంతంలో మ్యాచ్ ప్రసారానికి సగటున 60.3 శాతం రేటింగ్ వచ్చిందంటే ఇళ్లలో ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పనక్కరలేదు.

అదే ఏడాది మే 27న అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా హిరోషిమా వెళ్లినప్పుడు ప్రపంచమంతా ఆ నగరం వైపు చూసింది. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15కు పడిన బాంబు ఆ ఏడాది చివరికల్లా దాదాపు 1,40,000 మందిని బలితీసుకుంది. ఆ దాడి సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంది. ఆ తరువాతి ఏళ్లలో బతికి బయటపడ్డవాళ్లు ఎలా బతికారన్నది మాత్రం మనదాకా రాలేదు. వాళ్లు ఇళ్లు కట్టుకున్నారు, ట్రాములు నడుపుకున్నారు, ఒక బేస్‌బాల్ జట్టును కూడా పెట్టుకున్నారు. తెలుగు పాఠకులకు అంతగా పరిచయం లేని ఆట గురించి ఈ స్థలంలో రాయడానికి కారణం ఆ జట్టు పుట్టిన తీరే.

జపాన్ వృత్తి బేస్‌బాల్‌లో జట్లు కంపెనీల సొత్తు. ఒకటి పత్రికా సంస్థది, ఒకటి రైల్వే కంపెనీది, ఇంకొకటి పానీయాల కంపెనీది. జట్టు పేరులో ముందుండేది యజమాని పేరే. నష్టం వస్తే ప్రచార ఖర్చు కింద రాసుకుంటారు. 1949 డిసెంబరులో ఏర్పడిన కార్ప్‌కు అలాంటి యజమాని లేడు. హిరోషిమా ప్రాంతీయ ప్రభుత్వం, చుట్టుపక్కల నగరాలు, ట్రాము సంస్థ, స్థానిక దినపత్రిక చూగోకు షింబున్ కలిసి తలాకొంత వేసుకుని దాన్ని నిలబెట్టాయి. బాంబు దాడిలో 114 మంది ఉద్యోగులను పోగొట్టుకున్న పత్రిక అది. తోటి పత్రికగా ఆ సంగతిని మేము తలవంచి గుర్తుచేసుకుంటున్నాం.

1950లో తొలి సీజన్‌లో కార్ప్ 41 మ్యాచులు గెలిచి 96 ఓడింది, అట్టడుగున నిలిచింది. ఏడాది తిరిగేసరికి ఖజానా ఖాళీ అయింది, ఆటగాళ్ల జీతాలు ఆగిపోయాయి. మరో జట్టులో కలిపేద్దామన్న మాట కూడా వచ్చింది. అప్పుడు మేనేజర్ షుయిచి ఇషిమోతో ఊరూరా తిరిగి, సభలు పెట్టి, చేతులు జోడించి సాయం అడిగారు. ఆయనా హిరోషిమావాడే. మైదానం గుమ్మం ముందు సాకే మద్యం నింపే పెద్ద కొయ్య పీపాలు పెట్టారు. ఆటకు వచ్చినవాళ్లు లోపలికి వెళ్తూ వాటిలో డబ్బులు వేశారు. తిండికీ బట్టకీ కటకటలాడుతున్న రోజులవి. నగరంలో ఎందరో ఇంకా రేకుల పాకల్లోనే ఉన్నారు. అలాంటివాళ్ల చిల్లరతో బతికిన జట్టు ఇది. ఆ పీపాల కథ తెలియని పిల్లవాడు ఈనాటికీ హిరోషిమాలో ఉండడు.

మొదటి లీగ్ టైటిల్ కోసం ఆ నగరం పాతికేళ్లు ఎదురుచూసింది. 1975లో అమెరికన్ మేనేజర్ జో లుట్జ్ వచ్చి జట్టు టోపీ రంగును ఎరుపుకు మార్చి, సీజన్ మొదట్లోనే వెళ్లిపోయాడు. ఆయన స్థానంలోకి వచ్చిన తకేషి కోబా జట్టును చివరిదాకా నడిపించాడు. కోజి యమమోతో, సచియో కినుగాసా బ్యాటు ఝళిపించారు, పిచర్ యోషిరో సోతోకోబా 20 మ్యాచులు గెలిపించాడు. అక్టోబరు 15న కొరాకుయెన్ మైదానంలో అదే జెయింట్స్ మీద గేల్ హాప్కిన్స్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగుల హోమ్‌రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టి సందేహం లేకుండా చేశాడు. తరువాత శాంతి బులెవార్డ్ మీద జరిగిన ఊరేగింపుకు సుమారు 3 లక్షల మంది వచ్చారు. ఆ జనంలో కొందరు చనిపోయిన తమవాళ్ల ఫొటోలను పైకెత్తి పట్టుకున్నారు. జట్టును చూడకుండానే పోయినవాళ్లకు చూపించాలని తెచ్చుకున్నారు. కార్ప్ గురించి తెలిసిన సంగతులన్నింటిలో మమ్మల్ని ఎక్కువగా కదిలించింది ఇదే.

తరువాత 1979, 1980, 1984లలో రెండు లీగ్‌ల జట్లు తలపడే జపాన్ సిరీస్ కూడా గెలిచారు. 1991లో మరోసారి లీగ్ గెలిచారు. అంతే, అక్కడితో ఆగిపోయింది.

ఆగిపోవడానికి కారణం ఆటగాళ్ల చేతకానితనం కాదు. 1993లో జపాన్ లీగ్ నిబంధనలు మార్చింది. నిర్ణీత కాలం ఆడిన ఆటగాడు ఇష్టమైన జట్టుకు వెళ్లిపోవచ్చు. పేరున్న కొత్త ఆటగాళ్లు తాము చేరదలచిన జట్టును ముందే చెప్పే వీలు కూడా అప్పుడు వచ్చింది. కాగితం మీద చూస్తే ఇది ఆటగాడి స్వేచ్ఛ, ఆ స్వేచ్ఛను మేమూ కాదనం. కానీ డబ్బున్న జట్లకు ముకుతాడు వేయకుండా తలుపులు మాత్రమే తెరిచారు. కార్ప్ పెంచి పెద్దచేసిన ఆటగాళ్లు ఒకరి తరువాత ఒకరు జెయింట్స్‌కో, హన్షిన్ టైగర్స్‌కో వెళ్లిపోయారు. బదులుగా అలా బయటి నుంచి ఒక్క ఆటగాడిని కూడా కార్ప్ కొనుక్కోలేదు. 1998 నుంచి 2012 దాకా వరసగా 15 సీజన్లు ఆరు జట్ల లీగ్‌లో కింది సగంలోనే గడిపింది. ఇది తెలిసి తెలిసి చేసిన అసమానత. దాన్ని మార్కెట్ తీర్పు అని సమర్థించేవారితో మేము ఏకీభవించం.

2004లో జపాన్ వృత్తి బేస్‌బాల్‌లో రెండు జట్ల విలీనంతో దుమారం రేగి, ఆటగాళ్లు సమ్మెకు దిగినప్పుడు కార్ప్ ఉనికి మీద కూడా అనుమానాలు వచ్చాయి. హిరోషిమా మళ్లీ పీపాలు బయటకు తీసింది. కొత్త స్టేడియం కోసం స్థానిక పత్రికలు, టీవీ, రేడియో సంస్థలు పిలుపునిస్తే 10 కోట్ల యెన్‌లకు పైగా పోగైంది. 2009లో మాజ్దా స్టేడియం తెరిచారు. సొంత మైదానం నిండటం మొదలయ్యాక జట్టుకు ఊపిరి తిరిగింది.

అసలు ఈ విజయంలో కురోదా, అరాయ్‌ల కథ విడిగా చెప్పుకోవాలి. 2006లో కురోదాకు జట్టు మారే హక్కు వచ్చింది. ఆ ఏడాది సొంత మైదానంలో చివరి మ్యాచ్‌కు అభిమానులు స్టాండ్లలో పెద్ద బ్యానరు పరిచారు. 'ఇన్నాళ్లూ కలిసి పోరాడాం, ఇకమీదటా పోరాడతాం, మనకు వెలుగొచ్చే రోజు దాకా. నీకు కన్నీరొస్తే నీ కన్నీరు మేమవుతాం' అని దాని సారాంశం. వేరే జట్టు చొక్కా వేసుకుని కార్ప్ అభిమానుల ఎదుట బంతి వేయడం తన ఊహకు అందలేదని చెప్పి కురోదా ఆగిపోయాడు. మరుసటి ఏడాది అమెరికా వెళ్లినా, జపాన్‌లో ఇంకో జట్టుకు ఆడలేదు. 2014లో న్యూయార్క్ యాంకీస్ అతనికి ఇచ్చింది 1.6 కోట్ల డాలర్లు. అమెరికాలో ఇంకా అవకాశాలుండగానే వాటిని వదులుకుని, అందులో నాలుగో వంతుకన్నా తక్కువకు, 40 కోట్ల యెన్‌లకు 2015లో కార్ప్‌కు తిరిగొచ్చాడు.

అరాయ్ దారి ఇంత సాఫీగా సాగలేదు. హిరోషిమాలో పుట్టి పెరిగిన అతను 2007 సీజన్ ముగిశాక కన్నీళ్లతోనే హన్షిన్‌కు వెళ్లాడు. ఆ జట్టు చొక్కాతో హిరోషిమాలో ఆడటానికి వచ్చినప్పుడు సొంత ఊరే గేలి చేసింది. 2015లో అతను 2 కోట్ల యెన్‌ల జీతానికి కార్ప్‌లో తిరిగి చేరాడు. అంతకుముందు హన్షిన్‌లో పుచ్చుకున్నదానిలో అది పదో వంతు. 2016 ఏప్రిల్‌లో 2,000వ హిట్ కొట్టాడు. జూలైలో కురోదా జపాన్, అమెరికా లీగ్‌లలో కలిపి పిచర్‌గా 200వ విజయం అందుకున్నాడు. శనివారం టైటిల్ తెచ్చిన మ్యాచ్‌లో తొలి ఆరు ఇన్నింగ్స్ బంతి వేసిందీ కురోదాయే. అదే మ్యాచ్‌లో రెండు హోమ్‌రన్లు కొట్టిన సెయియా సుజుకి వయసు 22. కార్ప్ గత టైటిల్ గెలిచిన నాటికి అతను పుట్టనే లేదు. ప్రధాన పిచర్ కెంటా మయెదా ఆ సీజన్‌కు ముందు శీతాకాలంలో అమెరికా వెళ్లిపోయినా జట్టు కుంగకపోవడానికి కారణం, సుజుకి లాంటి కుర్రాళ్లను ఏళ్ల తరబడి వెతికి, సాన పట్టి తయారు చేసుకోవడమే.

ఇక్కడ ఒక వాస్తవం దాచకుండా చెప్పాలి. ఇప్పుడు కార్ప్ చట్టరీత్యా ప్రజల ఆస్తి కాదు. అధిక వాటా మత్సుదా కుటుంబానిది, సుమారు మూడో వంతు మాజ్దా కార్ల సంస్థది. అయినా జట్టును ఊరు దాటించే సాహసం ఏ యజమానీ చేయలేడు. పీపాలో డబ్బు వేసిన తరం, వాళ్ల పిల్లలు ఊరుకోరు.

2016 మేలోనే హైదరాబాద్ పేరున్న సన్‌రైజర్స్ ఐపీఎల్ కప్పు గెలిచింది. మనమంతా సంతోషించాం, సంతోషించాల్సిందే. కానీ ఆ ఫైనల్ ఆడిన 11 మందిలో తెలుగువాడు ఒక్కడూ లేడు. 2009లో అదే కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్ యజమానుల ఆర్థిక ఇబ్బందులతో 2012లో రద్దయినప్పుడు హైదరాబాద్ అభిమానిని అడిగినవారు లేరు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. యాజమాన్యం కూలినా జట్టు ఆ నగరానికే మిగిలేలా, స్థానిక కుర్రాళ్ల శిక్షణ మీద ఏటా ఇంత ఖర్చు పెట్టితీరేలా ఫ్రాంచైజీ ఒప్పందాల్లో నిబంధన ఉండాలి. రెండు రాష్ట్రాల క్రికెట్ సంఘాలు బోర్డు ముందు ఈ డిమాండ్ పెట్టాలి. నగరం పేరు వాడుకునేవారు నగరానికి జవాబు చెప్పాలని కోరడం అత్యాశ కాదు.

ఆ విజయం నాటికి కార్ప్ ముందు ఇంకా పని ఉంది. అక్టోబరులో జపాన్ సిరీస్‌కు వెళ్లే జట్టును తేల్చే క్లైమాక్స్ సిరీస్, అది దాటితే జపాన్ సిరీస్. 1984 తరువాత ఆ జట్టు జపాన్ సిరీస్ గెలవలేదు. లీగ్ విజేత కాబట్టి క్లైమాక్స్ సిరీస్ తుది దశ మ్యాచులన్నీ మాజ్దా స్టేడియంలోనే జరగాల్సి ఉంది. శనివారం టోక్యోలో చూపిన ఆటను కురోదా, అరాయ్ ఈసారి సొంత జనం ముందు చూపాలనీ, గెలవాలనీ మేము మనసారా కోరుకున్నాం.