ఆ గౌను మీద పని ఎవరిది?

రిసెప్షన్‌కి గౌను వేసుకుంటానని మా అన్నయ్య కూతురు అన్నప్పుడు, గౌను మనది కాదని వదిన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ముగ్గురం కలిసే షాపుకి వెళ్లాం.

పిల్లకి నచ్చింది ఐవరీ రంగుది. పైభాగమంతా గాజు పూసలు, చమ్కీలు దట్టంగా ఉన్నాయి. నడుము దాటాక పలచబడి, కింద నెట్ మీద చినుకుల్లా అక్కడొకటి ఇక్కడొకటి. అది అందం కోసమే కాదు, బరువు కోసం కూడా. స్కర్టంతా పూసలు నింపితే పెళ్లికూతురు నడవలేదు, నెట్ కూడా సాగిపోతుంది. నేను పక్క కుట్టు చూశాను. చవక రకాల్లో తీగ డిజైను అక్కడ టక్కున తెగిపోతుంది. ఇందులో కుట్టు మీదుగా అవతలికి పాకింది. అంటే ముక్కలు కలిపాక ఎవరో మళ్లీ కూర్చుని చేత్తో పూసలు కుట్టారన్నమాట.

ఎవరు? ట్యాగ్ మీద 'హ్యాండ్ బీడెడ్' అని మాత్రమే ఉంది. అడిగితే సేల్స్ అమ్మాయి నవ్వింది.

ఇది మన మగ్గం వర్కుకి చుట్టమే అంటే వదిన నమ్మలేదు. ఆరీ అనే కొక్కెం సూదితో వేసే గొలుసు కుట్టు 18వ శతాబ్దంలో మన వైపు నుంచే యూరప్ చేరింది. ఫ్రాన్స్‌లోని లూనెవిల్‌లో అలాంటి కొక్కెం సూదితోనే, బట్టని తిరగేసి వెనకనుంచి పూసలు కుట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు పారిస్ బ్రాండ్లు ఆ పని కోసం ముంబై వస్తున్నాయి. 2023 మార్చిలో డియోర్ గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర షో పెట్టి, తమకు ఎంబ్రాయిడరీ చేసే చాణక్య సంస్థ పేరు బాహాటంగా చెప్పింది. అలా చెప్పేవాళ్లు తక్కువ. 1947లో బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ పెళ్లి గౌను మీద 10,000 ముత్యాలని, డిజైనర్ నార్మన్ హార్ట్‌నెల్ అని అందరూ రాస్తారు. ఆ ముత్యాలు కుట్టిన ఆడవాళ్ల పేర్లు ఎంతమంది రాశారు?

అందుకే గౌను మనది కాదన్న గొడవ నాకు ఎక్కదు. నాకు గుచ్చుకునేది వేరే. గౌను షాపులో ట్యాగ్ మీద ఎంతుంటే అంత, మారు మాట్లాడకుండా కార్డు గీకే మనమే, హైదరాబాద్‌లో బ్లౌజు మగ్గం వర్కుకి ఐదొందల దగ్గర అరగంట బేరమాడతాం. "ఈ కాస్త పనికి ఇంతా?" అంటాం. నేనూ అన్నాను, ఒకసారి కాదు.

అన్నట్టు, గౌను కొనేముందు లోపలివైపు దారం చివరలు చూసుకోండి. గొలుసు కుట్టు కొస ఊడితే పూసల వరసంతా జారిపోతుంది.

గౌను కొన్నాం. ముహూర్తానికి వేసుకునే బ్లౌజు హైదరాబాద్‌లో మగ్గం మీదుంది. మొన్న వదిన వాట్సాప్‌లో "కొంచెం తగ్గించు బాబూ" అని టైప్ చేస్తుంటే ఫోన్ లాక్కున్నాను.