గుండెలో తూటా దిగితే అయిపోయినట్టేనా?

(బాబాయి పోస్ట్‌మార్టమ్‌లు చేసి రిటైరైన ఫోరెన్సిక్ డాక్టరు. సుజాత క్యాజువాలిటీలో సర్జన్.)

బాబాయి: గుండెలో తూటా దిగిందంటే ఇక ఆశ లేదమ్మాయ్. బయట కూర్చున్నవాళ్ళకి "చూద్దాం, బతకొచ్చు" అని చెప్పడం అన్యాయం.

సుజాత: గుండెకి గాయమైతే కుట్లు వేయలేమని ఒకప్పుడు డాక్టర్లే అనేవాళ్ళు బాబాయ్. 1896లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే జర్మన్ సర్జన్ కొట్టుకుంటున్న గుండెకే కుట్లు వేశాడు. మనిషి బతికాడు.

బాబాయి: అది కత్తిపోటు. తూటా సంగతి చెప్పు.

సుజాత: రెండో ప్రపంచయుద్ధంలో డ్వైట్ హార్కెన్ అనే అమెరికన్ సర్జన్ 134 మందికి గుండెలోంచి, దాని చుట్టుపక్కల నుంచి తూటాలు, బాంబు ముక్కలు తీశాడు. ఒక్కరూ చనిపోలేదు.

బాబాయి: ఆయన టేబుల్ మీదికి వచ్చినవాళ్ళు అప్పటికే గండం గడిచినవాళ్ళు. యుద్ధంలో అక్కడికక్కడే పోయినవాళ్ళు ఆ లెక్కలో ఉన్నారా? అసలు లెక్క దక్షిణాఫ్రికాలోని డర్బన్‌ది. 1997లో అచ్చయింది. మార్చురీనీ ఆసుపత్రినీ కలిపి, కత్తిపోట్లూ తూటాలూ అన్నీ కలిపి, 1,198 గుండె గాయాలు చూశారు. ప్రాణంతో ఆసుపత్రి చేరింది నూటికి ఆరుగురు. నువ్వు చూసేది ఆ ఆరుగురినే. మిగతావాళ్ళంతా నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

సుజాత: ఆ లెక్క కాదనను. కానీ వాళ్ళు పోయింది ఆసుపత్రి చేరకముందు. చేరినవాళ్ళ సంగతి వేరు. తూటా ఎక్కడ తగిలిందన్నది ముఖ్యం. ముందువైపు ఉండేది కుడి జఠరిక, అంటే గుండెలో కుడివైపు కింది గది, దాంట్లో ఒత్తిడి తక్కువ. చిన్న రంధ్రమైతే రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలోకి చేరుతుంది. ఆ సంచి సాగదు కాబట్టి గుండెని నొక్కేస్తుంది. బీపీ పడిపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, స్టెత్ పెడితే గుండె చప్పుడు ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. మనిషిని చంపేదీ ఆ రక్తమే, కాసేపు బయటికి పోకుండా ఆగి మనకి టైము ఇచ్చేదీ అదే. ఎడమవైపు పక్కటెముకల మధ్య కోసి, సంచి చీల్చి, గడ్డకట్టిన రక్తం తీసేసి, రంధ్రం మీద వేలు పెడితే గుండె మళ్ళీ నిండుతుంది. వేలు సరిపోకపోతే మూత్రానికి వేసే ఫోలీ గొట్టమే రంధ్రంలో దూర్చి, బెలూన్ ఊది, మెల్లగా వెనక్కి లాగుతాం. ఆ తర్వాతే కుట్లు.

బాబాయి: తుపాకీ చేసే రంధ్రం చిన్నదిగా ఉంటుందా? లోపల చిరిగిపోయి ఉంటుంది. క్యాజువాలిటీలోనే ఛాతీ తెరిచిన కేసుల మీద 2000లో వచ్చిన సమీక్ష నువ్వూ చదివే ఉంటావు. కత్తిపోటైతే 16.8 శాతం బతికారు, తూటా అయితే 4.3.

సుజాత: అదే సమీక్షలో అన్ని గాయాలూ కలిపితే 7.4 శాతం, గుండెకి తగిలినవాళ్ళలో 19.4. అందులో కత్తిపోట్లున్నాయి, ఒప్పుకుంటాను. కానీ గుండె అనగానే చేతులెత్తేయమని మాత్రం ఆ అంకెలు చెప్పడం లేదు.

బాబాయి: ముందు తూటా బయటికి తీయాలిగా?

సుజాత: అది సినిమా డాక్టర్లు చేసే పని! ఆపాల్సింది రక్తాన్ని. తూటాని చాలాసార్లు లోపలే వదిలేస్తాం.

బాబాయి: వదిలేస్తే కేసు ఏమవుతుంది? తూటా సాక్ష్యం. ఏ తుపాకీదో తేలాలి. నేను ప్రతి తూటా సీలు వేసి పంపినవాణ్ణి. మీ సర్జన్లు ఫోర్సెప్స్‌తో గీతలు పెట్టి పాడుచేస్తారు.

సుజాత: బతికున్నవాడే పెద్ద సాక్ష్యం బాబాయ్. పోలీసులొచ్చేదాకా ముట్టుకోమని ఆసుపత్రులు తిప్పి పంపిన రోజులు గుర్తున్నాయా? ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

బాబాయి: కోర్టు చెప్పింది సరే. నాడి లేనివాడికి కూడా ఛాతీ తెరుస్తావా?

సుజాత: ఛాతీ నొక్కే సీపీఆర్ పదిహేను నిమిషాలు దాటినా ప్రాణమున్న గుర్తు కనిపించకపోతే తెరవను.

బాబాయి: నేనన్నదీ అదే.

సుజాత: కాదు. మీరు గాయం ఎక్కడో వినగానే అనేశారు. నేను అంబులెన్స్ వాళ్ళని నాడి ఎప్పుడు ఆగిందో, సీపీఆర్ ఎన్నింటికి మొదలుపెట్టారో అడిగాకే అంటాను.